తొలితరం పవర్ రేజర్లు: అదిరే బ్లేడా, షిక్కా, ఫిలిషేవా, బ్రౌనా, కీ ఇచ్చే రేజరా?

పాత పవర్ రేజరు కొనేవాళ్ళు ముందు మోటారు తిరుగుతోందా అని చూస్తారు, ధర కూడా దాన్నిబట్టే కడతారు. మోటారు ఆగిపోయినా బాగుచేయించుకోవచ్చు. చర్మానికీ పదునుకీ మధ్య నిలబడే అడ్డు పాడైతే మాత్రం ఆ రేజరుతో ఇక గడ్డం గీసుకోలేం. కింగ్ క్యాంప్ గిలెట్ 1904లో పేటెంటు పొందిన రేజరులో ఆ అడ్డు బ్లేడు కింద ఉండే దువ్వెన పళ్ళు. షిక్‌లో గాడులు కోసిన ఉక్కు పలక, ఫిలిషేవ్‌లో గాడులు కోసిన గుండ్రటి మూత, బ్రౌన్‌లో పలుచని జల్లెడ రేకు. ఏ రేజరు ఎంత నున్నగా తీస్తుంది, ఎక్కడ గాటు పెడుతుంది, ఎన్నాళ్ళు పనిచేస్తుంది అన్నవన్నీ మోటారు కన్నా ముందు ఈ అడ్డు మీదే ఆధారపడతాయి. అందుకని ఈ పోలిక అక్కణ్నుంచే మొదలుపెడుతున్నాం.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, అడ్డు ఎంత దళసరి. నీళ్ళూ నురగా లేకుండా గీసే పొడి రేజరులో వెంట్రుక ఆ పలక లోపలి వైపున తెగుతుంది. కాబట్టి పలక మందమెంతో దాదాపు అంత మొలక ముఖం మీద మిగిలిపోతుంది. గడ్డం వెంట్రుకే సుమారు 0.1 మి.మీ. లావుంటుంది. పలక కూడా అంతే మందముంటే చెయ్యి పెట్టి తడిమినప్పుడు గరుకు తెలుస్తుంది. అలాగని రేకు పలుచనయ్యే కొద్దీ త్వరగా చిరుగుతుంది. ఈ రేజర్ల చరిత్రలో సగం ఈ పేచీయే.

రెండోది, పదును ఏ దిక్కుకు కదులుతోంది. పై నుంచి కిందకు గీసేటప్పుడు బ్లేడు చర్మాన్ని కోయదు. అదే బ్లేడు తన అంచు పొడవునా పక్కకు జారితే వెంటనే కోస్తుంది. రోజూ సేఫ్టీ రేజరు వాడేవాళ్ళకు ఇది అనుభవంలో ఉన్నదే. బ్లేడును కరెంటుతో అదిరించాలనుకున్న ప్రతి డిజైనరూ ఈ చిక్కుకు జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది.

మూడోది, శక్తి ఎక్కణ్నుంచి వస్తోంది: గోడ ప్లగ్గా, స్ప్రింగా, అరచేతి పిడికిలా. నాలుగోది, అరిగే భాగం ఇవాళ దొరుకుతుందా లేదా. రేజరును షోకేసులో పెట్టుకునేవాళ్ళకు ఈ నాలుగోదానితో పని లేదు, వాడాలనుకునేవాళ్ళకు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

అదిరే సేఫ్టీ రేజరు: వైబ్రో-షేవ్ తరహా

మామూలు సేఫ్టీ రేజరు తలను, పిడిలో విద్యుదయస్కాంతం పెట్టి అదిరించడం ఈ తరహా పద్ధతి. తీగచుట్టలో ఏసీ కరెంటు పారుతుంటే ఎదురుగా ఉన్న ఇనుప పట్టీ ప్రతి అర్ధ చక్రానికీ ఒకసారి లాగబడుతుంది. అంటే 60 హెర్ట్జ్ ఉన్న అమెరికాలో నిమిషానికి 7200 సార్లు, 50 హెర్ట్జ్ ఉన్న మన దగ్గర 6000 సార్లు. తిరిగే భాగమంటూ ఏదీ లేదు. బ్రష్షులు, బేరింగులు ఉండవు కాబట్టి చెడిపోవడానికి కూడా పెద్దగా ఏమీ లేదు.

ఆ అదురు వల్ల లాభమెంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. సెకనుకు 100 సార్లు, అటూ ఇటూ 0.1 మి.మీ. చొప్పున కదిలే అంచుకు గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 63 మి.మీ. చేత్తో నెమ్మదిగా గీసే వేగం సెకనుకు 50 మి.మీ. అనుకుంటే, అదురు ఆ వేగాన్ని క్షణక్షణం రెట్టింపు కన్నా ఎక్కువ చేస్తోంది. బ్లేడు వెంట్రుకను పీకకుండా తెంపుతుంది. మొద్దుబారుతున్న బ్లేడుతో ఈ తేడా బాగా తెలుస్తుంది, కొత్త బ్లేడుతో అంతగా తెలియదు. అంతకు మించిన ప్రయోజనాలు ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. ఇదే ఆలోచన 2004లో ఒక చిన్న బ్యాటరీతో గిలెట్ ఎమ్3పవర్‌గా తిరిగొచ్చింది. ఆ అదురు వెంట్రుకలను పైకి లేపుతుందన్న ప్రకటన సరికాదని 2005లో అమెరికాలోని కనెక్టికట్ ఫెడరల్ కోర్టు తేల్చింది.

నష్టం కూడా అదురు నుంచే వస్తుంది. తల పక్కలకు అదిరే రకమైతే ఒకేచోట ఆపి ఉంచిన క్షణంలో ఎర్రటి గీత పడుతుంది. చర్మానికి తాకించే ముందే స్విచ్ వేయాలి, తాకించగానే కదలాలి, 2–3 సెంటీమీటర్ల చిన్న గీతలతో గీసి ఎత్తేయాలి, బరువు అసలు వేయకూడదు. అదురుకు తల బిగించే మర వదులవుతుంది. ప్రతిసారీ బిగించి, బ్లేడు అంచు రెండు వైపులా సమానంగా బయటకు కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఒక వైపు ఎక్కువ కనిపిస్తే ఆ వైపు కోస్తుంది.

ఇక అసలు ప్రమాదం: ఇది నురగతో, తడి చేత్తో, గోడ కరెంటు నేరుగా పిడిలోకి తెచ్చుకుని వాడాల్సిన వస్తువు. ఎర్త్ తీగ లేదు. లోపలి రబ్బరు ఇన్సులేషన్ ఇన్నేళ్ళకు పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. ఆలోచన ఎంత తెలివైనదైనా, దీన్ని ఇవాళ ముఖం మీద వాడమని ఎవరికీ చెప్పలేం. బల్ల మీద పొడిగా నడిపి చూడటానికి, చేతిలో పట్టుకుని డిజైన్ అర్థం చేసుకోవడానికి మాత్రమే కొనండి.

షిక్ పొడి రేజరు, 1931

కల్నల్ జేకబ్ షిక్ అమెరికా సైనికాధికారి. పిడిలోనే బ్లేడ్లు దాచుకుని, పదేపదే కాల్చే తుపాకీలా ఒకటి తర్వాత ఒకటి ముందుకు తోసే మ్యాగజైన్ రేజరు ఆయనదే. ఆ వ్యాపారం అమ్మగా వచ్చిన డబ్బును పొడి రేజరు మీద పెట్టాడు. ఆయన తొలి నమూనాలో మోటారు విడిగా ఉండేది. ఒక చేత్తో మోటారు, ఇంకో చేత్తో తల పట్టుకోవాలి, రెంటి మధ్యా వంగే షాఫ్టు తిరుగుతుంటుంది. కంపెనీలేవీ దాన్ని తీసుకోలేదు. మోటారు పిడిలో ఇమిడేంత చిన్నదయ్యాక, 1931 మార్చి 18న 25 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. మాంద్యం రోజుల్లో అది చాలా పెద్ద ధర. 1903లో వచ్చిన గిలెట్ రేజరు ఖరీదు 5 డాలర్లు.

తల నిర్మాణం చూస్తే వెంటనే అర్థమవుతుంది. పైన సన్నటి గాడులు కోసిన స్థిరమైన ఉక్కు పలక, దాని లోపల అవే గాడులతో అటూ ఇటూ కదిలే కత్తి. సెలూన్‌లో జుట్టు కత్తిరించే మిషన్ సూత్రమే, కొలతలు మాత్రం బాగా చిన్నవి. వెంట్రుక గాడిలో దూరుతుంది, రెండు అంచుల మధ్య కత్తెర పడుతుంది. చర్మం గాడిలోకి అంతగా ఉబ్బలేదు కాబట్టి కోసుకునే భయం చాలా తక్కువ.

గాడులు పొడవుగా, చివర తెరుచుకుని ఉండటం వల్ల రెండు మూడు రోజుల గడ్డాన్ని కూడా ఇది అందుకోగలదు. గుండ్రటి చిల్లుల రేజర్లకు ఇది చేతకాదు. బదులుగా పలక దళసరి కాబట్టి పూర్తి నునుపు రాదు. తల సన్నగా ఉండటంతో ఒకేచోట మళ్ళీ మళ్ళీ గీయాలి. వెంట్రుకలు సుడి తిరిగిన మెడ దగ్గర గాడుల దిక్కుకు అడ్డంగా పెరిగినవి మిగిలిపోతాయి. అక్కడ రేజరును 90 డిగ్రీలు తిప్పి పట్టుకోవాలి.

తొలి షిక్‌ల మోటారు స్విచ్ వేయగానే తనంతట తాను తిరగదు. పక్కనున్న చిన్న చక్రాన్ని వేలితో ఒక్క తిప్పు తిప్పాలి. కొనేటప్పుడు 'మోటారు పనిచేయడం లేదు' అని చవగ్గా పెట్టిన షిక్ కనిపిస్తే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోండి. చక్రం తిప్పినా కదలకపోతే చాలాసార్లు కారణం గట్టిపడిన పాత గ్రీజు, లేదా నల్లబడిన కాంటాక్టులు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బేరింగుకు ఒక్క చుక్క కుట్టు మిషన్ నూనె వేస్తే తరచుగా లేస్తుంది. కొబ్బరి నూనె వేయకండి, అది జిగురై బేరింగును పట్టేస్తుంది.

షిక్ విజయం చూసి 1937లో రెమింగ్టన్ రాండ్ 'క్లోజ్ షేవర్'తో, సన్‌బీమ్ 'షేవ్‌మాస్టర్'తో రంగంలోకి దిగాయి. అమెరికాలో పాత సామాను దుకాణాల్లో ఇవి షిక్ కన్నా సులువుగా, మంచి స్థితిలో దొరుకుతాయి. చరిత్రలో మొదటిదే కావాలన్న పట్టుదల లేకపోతే ఇవి సరిపోతాయి.

ఫిలిషేవ్, 1939

అటూ ఇటూ కదిలే కత్తికి ప్రతి చివరా ఆగి వెనక్కి తిరగాలి. అక్కడే అదురు, చప్పుడు, అరుగుదల. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లోని ఫిలిప్స్ ఇంజినీరు అలెగ్జాండర్ హోరోవిట్జ్ ఆ ఆగడాన్నే తీసేశాడు. మోటారు ఎలా తిరుగుతుందో కత్తి కూడా అలాగే గుండ్రంగా తిరిగేలా చేశాడు. ఒకే తల, చుట్టలాంటి సన్నటి బేకలైట్ (తొలినాటి గట్టి ప్లాస్టిక్) ఒళ్ళు. రెండు తలల మోడల్ 1951లో, మూడు తలలది 1966లో వచ్చాయి. అమెరికాలో ఇదే సరుకు నోరెల్కో పేరుతో అమ్ముడైంది కాబట్టి అక్కడ వెతికేవాళ్ళు ఆ పేరుతో కూడా చూడాలి.

గాడులు నడిమి నుంచి అన్ని దిక్కులకూ పరుచుకుని ఉండటంతో వెంట్రుక ఎటు వాలినా ఏదో ఒక గాడిలో పడుతుంది. మెడ కింద, దవడ మలుపు దగ్గర షిక్ కన్నా ఇది మేలు. సున్నాలు చుట్టినట్టు నెమ్మదిగా తిప్పుతూ పోవాలి. నిలువుగా గీసుకుంటూ పోతే దీని గుణం తెలియదు. ఒంటి తల కాబట్టి మొత్తం ముఖానికి చాలా సమయం పడుతుంది. ఓపిక లేకపోతే 1951 తర్వాతి రెండు తలల మోడల్ తీసుకోండి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. తిరిగే కత్తీ పైమూతా ఒకదానితో ఒకటి రాసుకుని జతగా పదునవుతాయి. శుభ్రం చేసేటప్పుడు రెండు తలల మోడల్‌లో ఒక తల కత్తిని ఇంకో తల మూతలో పెడితే, మర్నాటి నుంచి వెంట్రుకలు పీకుతుంది. చాలామంది 'మొద్దుబారింది' అని పారేసినవి నిజానికి జత మారినవే. ఒక్కో తలను విడిగా విప్పి, తుడిచి, తిరిగి బిగించాకే రెండోది ముట్టుకోవాలి.

బ్రౌన్ ఎస్ 50, 1950

నునుపు విషయంలో తొలితరం పొడి రేజర్లలో దీన్ని మించింది లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ బ్రౌన్ కంపెనీ దళసరి పలక స్థానంలో వంగే జల్లెడ రేకు పెట్టింది. 0.1 మి.మీ. కన్నా పలుచని రేకు, దాని కింద నిలువు బ్లేడ్ల కత్తి దిమ్మె, దాన్ని అటూ ఇటూ ఊపే అయస్కాంతపు ఆర్మేచరు (అయస్కాంతం లాగే ఇనుప ముక్క). ఇవాళ దుకాణంలో దొరికే ప్రతి ఫాయిల్ షేవరూ ఈ ఏర్పాటు వారసురాలే.

చిక్కల్లా ఆ రేకుతోనే. కొనేముందు దాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. చిల్లులన్నీ ఒకే తీరుగా కనిపించాలి. ఒక్కచోట రెండు చిల్లులు కలిసిపోయినా, అంచు దగ్గర నలిగి మడత పడినా, దాన్ని ముఖానికి తాకించకూడదు. చిరిగిన రేకు అంచు బ్లేడు కన్నా దారుణంగా గీరుతుంది. ఈ వయసు రేకుకు బదులు రేకు సంపాదించడం కష్టం. రెండు రోజుల గడ్డం మీద వాడితే పొడుగు వెంట్రుకలు చిల్లుల్లో దూరక రేకు కింద నలుగుతాయి. రోజూ గీసుకునేవాళ్ళకే ఇది పనికొస్తుంది.

కరెంటు లేని పవర్ రేజర్లు

అమెరికాలో ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్ నుంచి వచ్చిన స్టాలీ 'లైవ్ బ్లేడ్' పైన చెప్పిన అదిరే రేజరుకు విద్యుత్తు లేని రూపం. బరువైన లోహపు పిడిలో గడియారపు స్ప్రింగు ఉంటుంది. కీ ఇస్తే తల అదురుతుంది. బ్లేడు మామూలు రెండంచులదే, అదే దీనికి పెద్ద బలం. మన ఊళ్ళో కిరాణా కొట్లో దొరికే బ్లేడు ఇందులో పడుతుంది. షాకు భయం లేదు, వోల్టేజి బెడద లేదు, అరిగే భాగం రోజూ దొరికేదే. తడి గీతకు అలవాటుపడిన చర్మానికి కొత్తగా నేర్చుకునేదీ పెద్దగా ఉండదు. ముఖాన్ని గోరువెచ్చని నీళ్ళతో రెండు మూడు నిమిషాలు నానబెట్టి, నురగ పట్టించి, పిడి బరువుకే పని వదిలేయాలి.

దీన్ని చంపేది నీళ్ళు. కుళాయి కింద మొత్తం పెట్టి కడిగితే పిడి అతుకులోంచి నీరు దిగి స్ప్రింగు తుప్పు పడుతుంది. తల కిందికి వంచి, తలను మాత్రమే కడిగి, బ్లేడు తీసి ఆరబెట్టాలి. కీ నిండుగా ఇచ్చినా కాసేపటికే నీరసించిపోతే స్ప్రింగు సత్తువ తగ్గిందని అర్థం. అది గడియారాలు బాగుచేసేవాళ్ళ పని. కీ ఇచ్చి ఉండగా పిడి విప్పితే స్ప్రింగు ఎగిరి చేతిని చీరేస్తుంది, ఇంట్లో ప్రయత్నించవద్దు.

స్విట్జర్లాండ్‌కు చెందిన థోరెన్స్ 'రివియేరా', సోవియట్ 'స్పుత్నిక్' కూడా కీ ఇచ్చేవే, కానీ గుండ్రటి తలతో పొడిగా తీస్తాయి. ప్రయాణాలకు బాగుంటాయి. బ్రిటన్‌లో రోల్స్ రేజర్ కంపెనీ చేసిన 'వైస్రాయ్'ను అరచేత్తో మీటను నొక్కుతూ వదులుతూ నడపాలి. అదే చేత్తో తలను చెంప మీద స్థిరంగా పట్టుకోవాలి కూడా. పిడికిలి నొక్కినప్పుడల్లా తల కదిలిపోతుంది. చూడటానికి ముచ్చటైన యంత్రం, రోజూ గీసుకోవడానికి మాత్రం కష్టం.

ఒక్కచోట చూస్తే

| రకం | చర్మానికి అడ్డు | నునుపు | 2–3 రోజుల గడ్డం | మన దగ్గర వాడకం |
|---|---|---|---|---|
| వైబ్రో-షేవ్ తరహా | దువ్వెన, తడి | చాలా ఎక్కువ | తీస్తుంది | వద్దు, చూడటానికే |
| షిక్ 1931 | గాడుల పలక | తక్కువ | తీస్తుంది | ట్రాన్స్‌ఫార్మర్‌తో |
| ఫిలిషేవ్ 1939 | గుండ్రటి మూత | మధ్యస్థం | కష్టం | ప్లేటు మీది వోల్టేజి చదివి |
| బ్రౌన్ ఎస్ 50 | జల్లెడ రేకు | ఎక్కువ | తీయదు | రేకు బాగుంటేనే |
| స్టాలీ | దువ్వెన, తడి | చాలా ఎక్కువ | తీస్తుంది | నిరభ్యంతరంగా |

వోల్టేజి: అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్ళకు

అక్కడున్న బంధువులతో తెప్పించుకున్న రేజర్లు ఇక్కడ మొదటి రోజే కాలిపోవడానికి కారణం ఒక్కటే. 110 వోల్టుల తీగచుట్టకు 230 వోల్టులిస్తే వేడి నాలుగు రెట్లు దాటుతుంది. ఇనుప దిమ్మె, తీగచుట్ట ఉన్న అసలైన స్టెప్‌డౌన్ (వోల్టేజి తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి, 50 వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యం చాలు. ప్రయాణాలకు అమ్మే తేలికపాటి ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు ఇస్త్రీ పెట్టెల్లాంటి వేడి వస్తువుల కోసం చేసినవి, వీటికి పనికిరావు.

బ్రష్షుల మోటారుకు 50, 60 హెర్ట్జ్ తేడా పట్టదు. అయస్కాంతంతో అదిరే రకానికి పడుతుంది. 60 హెర్ట్జ్ చుట్టకు 50 హెర్ట్జ్ ఇస్తే అదే వోల్టేజికి కరెంటు సుమారు 20 శాతం పెరుగుతుంది, వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పైగా స్ప్రింగు లయ తప్పి అదురు తగ్గుతుంది. 110కి బదులు జపాన్ సామాను కోసం అమ్మే 100 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఆ వేడి చాలావరకు దిగుతుంది. అయినా రెండు మూడు నిమిషాలకోసారి ఆపాలి. యూరప్ సరుకైన ఫిలిషేవ్, బ్రౌన్‌లు 50 హెర్ట్జ్‌వే, కానీ అక్కడా 127 వోల్టుల ఊళ్ళుండేవి. ప్లేటు మీద అంకె చదవకుండా ప్లగ్ పెట్టవద్దు.

ఎవరికి ఏది

రోజూ వాడుకోవడానికి ఒక్కటే కొనేవాళ్ళు స్టాలీ తీసుకోండి. ఇందులో మాకు సందేహం లేదు. డిజైన్ చదువుకునే విద్యార్థికి షిక్, బ్రౌన్ పక్కపక్కన ఉండాలి. ఇరవై ఏళ్ళలో అడ్డు ఎంత పలుచనైందో చేత్తో తాకి తెలుసుకోవచ్చు. గడ్డం మెత్తగా, సుడులుగా ఉండి బ్లేడుకు చర్మం పొక్కేవాళ్ళకు రెండు తలల ఫిలిషేవ్ నయం. పొడి రేజరుకు చర్మం అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, మొదటి వారం మంట చూసి వదిలేయకండి. కోస్తా ఉక్కపోతలో ముఖం జిడ్డుగా ఉంటే ఏ పొడి రేజరైనా అతుక్కుంటుంది. స్నానానికి ముందు, ముఖం తుడిచి కాస్త టాల్కం పౌడర్ రాసి గీసుకోవాలి.

డబ్బు ఇచ్చేముందు ఈ వరసలో చూడండి: అడ్డు మీద పగులు, చిరుగు ఉన్నాయా, తల విప్పితే కత్తి అంచులు అంతటా ఒకే మెరుపుతో ఉన్నాయా, బేకలైట్ ఒళ్ళు మర దగ్గర చీలిందా, తీగ వంచితే రబ్బరు రాలుతోందా. తీగ రాలుతుంటే ప్లగ్ పెట్టి చూపించమని అడగవద్దు. ఇంటికి తెచ్చి, తీగ మార్పించి, మొదటిసారి ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత 25 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే రేజరుకు వెళ్ళేలా, పెట్టి స్విచ్ వేయండి. రేజరు నెమ్మదిగా తిరుగుతూ బల్బు మసకగా వెలిగితే మంచిదే. ఇది సాధారణ 230 వోల్టుల బల్బు కాబట్టి 110 మీద పూర్తి కాంతి రాదు. ముందు రేజరు లేకుండా బల్బును ఒక్కదాన్నే అక్కడ వెలిగించి, ఆ వెలుగు గుర్తుపెట్టుకోండి. రేజరు కలిపాక కూడా అంతే వెలిగితే లోపల షార్టుంది, తీగచుట్ట మళ్ళీ చుట్టించాలి.